ఆఫ్రికానా స్టడీస్: ఒక్క మేజరా, డబుల్ మేజరా, మైనరా?

మా అమ్మాయికి ఇది డిగ్రీ రెండో ఏడు. ఈ సెమిస్టరు అయ్యేలోగా మేజర్, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు, ఏదో కాలేజీకి రాసివ్వాలి. మొన్న ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పెద్ద కాగితం పరిచి, సెమిస్టరుకొకటి చొప్పున ఎనిమిది గళ్లు గీసింది. మెడిసిన్‌కి కావలసిన కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ నీలంలో రాసింది. ఆఫ్రికా ప్రజల గురించి, ప్రపంచమంతా ఉన్న నల్లజాతివారి గురించి చదివే ఆఫ్రికానా కోర్సులు ఆకుపచ్చలో. "ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందమ్మా?" అని అడిగేశాను. "నాన్నా, అసలు మనం ఈ దేశానికి ఎలా రాగలిగామో తెలుసా?" అంది.

అమెరికాకి ఇండియా నుంచి ఏడాదికి వంద మందికే కోటా అని 1946లో చట్టం చేశారు. దేశాలవారీ కోటాలను ఎత్తేసింది 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం. నల్లజాతివారు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్లకి వెళ్లి పౌరహక్కుల చట్టాలు తెచ్చుకున్న రోజుల్లోనే, ఆ ఊపులోనే అదీ వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా నేనెప్పుడూ ఆ రెంటినీ కలిపి ఆలోచించలేదు.

ఈ చదువు కూడా పోరాడి తెచ్చుకున్నదే. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు 1968 నవంబరు నుంచి 1969 మార్చి దాకా సమ్మె చేస్తేగాని అక్కడ బ్లాక్ స్టడీస్ (నల్లజాతివారి గురించిన చదువు) నిలబడలేదు. 1969లోనే కార్నెల్ యూనివర్సిటీలో మొదలైన ఇలాంటి కేంద్రానికి దాని మొదటి డైరెక్టర్ జేమ్స్ టర్నర్ 'ఆఫ్రికానా' అనే పేరు పెట్టారు. అమెరికాలోని నల్లవాళ్లే కాదు, ఆఫ్రికా ఖండం, కరీబియన్ దీవులు, బ్రెజిల్ అన్నీ ఇందులోకి వస్తాయి. చరిత్ర, సాహిత్యం, రాజకీయం, స్వాహిలి, యొరుబా లాంటి భాషలు కలిపి చదువుతారు.

ఇక ఎలా చదవాలన్నదే ప్రశ్న.

మైనర్, అంటే మేజర్ పక్కన చదివే చిన్న సబ్జెక్టు అయితే, ఐదారు కోర్సులతో అయిపోతుంది. మిషెల్ ఒబామా ప్రిన్స్‌టన్‌లో సోషియాలజీ మేజర్‌తో పాటు ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ మైనర్‌గా చదివారు. ఇంజనీరింగ్ పిల్లలకి ఇది బాగా కుదురుతుంది. కాకపోతే భాష నేర్చుకునే తీరిక ఉండదు, థీసిస్ దాకా వెళ్లలేరు.

మన ఇళ్లలో అందరికీ నచ్చేది డబుల్ మేజర్, అంటే ఒకేసారి రెండు మేజర్లు. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ మే జెమిసన్ స్టాన్‌ఫర్డ్‌లో కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుంటూనే ఆఫ్రికన్, ఆఫ్రో-అమెరికన్ స్టడీస్ డిగ్రీకి కావలసినవన్నీ పూర్తి చేశారు. ఆ ఉదాహరణ చూపించి నేనూ బయాలజీ రెండో మేజర్‌గా పెట్టమన్నాను. సరేనని ఆ అదనపు కోర్సులు ఎర్ర పెన్సిల్‌తో నింపింది. నింపాక కాగితం చూస్తే స్వాహిలి రెండో ఏడు పోయింది, ఆరో సెమిస్టరులో ఘనా వెళ్లే వీలు పోయింది, ఆఖరి ఏడు థీసిస్‌కి చోటే లేదు. ఆకుపచ్చలో మిగిలినవి మైనర్ కంటే కాస్త ఎక్కువ, అంతే.

మెడికల్ కాలేజీలు బయాలజీ మేజరే కావాలని అడగవు. నీలంలో రాసిన కోర్సులు, మంచి మార్కులు, ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష స్కోరు చూస్తాయి. ఆ ఎంక్యాట్‌లోనే 2015 నుంచి సైకాలజీ, సోషియాలజీ ప్రశ్నలకి ఒక భాగం పెట్టారు. లా స్కూళ్లూ ఏ మేజర్ అయినా తీసుకుంటాయి. అంటే ఎర్ర కోర్సులన్నీ నా భయం కోసం రాసినవే.

కాబట్టి పైచదువు ఏమిటో తేల్చుకున్న పిల్లలకి ఆఫ్రికానా ఒక్కటే మేజర్‌గా తీసుకుని, కావలసిన సైన్సు కోర్సులు పక్కన చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. నటి ఏంజెలా బాసెట్ యేల్‌లో ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్‌లో డిగ్రీ చేసి, ఆ తర్వాతే అక్కడి డ్రామా స్కూలుకి వెళ్లారు. డిగ్రీ చేతికి రాగానే సాఫ్ట్‌వేర్ జీతం కావాలనుకునేవాళ్లకి మాత్రం ఈ దారి కష్టమే.

హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చే పిల్లల సంగతి వేరు. ఒక్క ఆఫ్రికానా మేజర్‌తో ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, పన్నెండు నెలలే. మరో ఇరవై నాలుగు నెలలు కావాలంటే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ ఉండాలి. వాళ్లకి డబుల్ మేజరే నయం. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో స్టెమ్ మేజర్ కూడా ఎక్కిందో లేదో చూసుకోవాలి, ఉద్యోగం కూడా దానికి సంబంధించిందే కావాలి. లేదా స్టెమ్ మేజర్, ఆఫ్రికానా మైనర్.

నేను పెరిగింది మాసబ్ ట్యాంక్ దగ్గర. ఏసీ గార్డ్స్ అన్న పేరు రోజూ వింటూనే స్కూలుకి వెళ్లేవాణ్ణి. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవారి, పేట అదని మా అమ్మాయి చెబితేగాని నాకు తెలియలేదు. తను థీసిస్ రాయాలనుకుంటున్నది వాళ్ల మీదే.

రబ్బరు తీసుకుని ఎర్ర గీతలు నేనే చెరిపాను. ఏడో గడిలో, ఎనిమిదో గడిలో ఆకుపచ్చ పెన్సిల్‌తో 'థీసిస్' అని రాసుకుంది. డిసెంబరు సెలవులకి హైదరాబాద్ టిక్కెట్లు చూస్తున్నాం.