ఆరేళ్ల రూటర్ వాడకం: కూసం, బెజ్జం, కొన్ని పాడైన చెక్కలు

ఉలి, రంపంతో కూసాలు (చెక్క చివర చెక్కే నాలుకలు), అవి దిగే బెజ్జాలు కోయడం నాకు ఓ మాదిరిగా వచ్చు. ఓ మాదిరిగా అంటే, స్టూలు చేస్తే మూడు కాళ్లు బిగువుగా కూర్చుని నాలుగోది కిర్రుమనేది. ఆ నాలుగో కాలి కోసమే ప్లంజ్ రూటర్, అంటే తిరిగే బిట్టును (కోసే ముక్కను) పైనుంచి చెక్కలోకి దించి తొలిచే మిషన్, కొన్నాను. ఆరేళ్లయింది. తర్వాత టేబుల్ సా (బల్లలోంచి గుండ్రని బ్లేడు పైకి వచ్చే రంపం), డవ్‌టెయిల్ జిగ్ (పావురం తోక ఆకారపు పళ్ల అతుకు కోసేటప్పుడు రూటర్‌కి దారి చూపే చట్రం), జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే చేతి మిషన్) కూడా వచ్చి చేరాయి. చెక్కల అతుకులకు ఇవి ఎంతవరకు అక్కరకొచ్చాయో చెబుతాను. నేను చేసేవి స్టూళ్లు, డ్రాయర్లు, చిన్న పెట్టెలు. ఇదే వృత్తిగా ఉన్నవాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు.

జిగ్‌సా సంగతి ముందే తేల్చేస్తాను. అతుకులకు అది పనికిరాదు. దాని బ్లేడును పైచివరే పట్టుకుంటుంది, కిందిచివర ఊగుతూ ఉంటుంది. 40 మి.మీ. మందం చెక్క కోస్తే పైన బుద్ధిగా గీత మీదే నడిచింది. తిప్పి చూస్తే అడుగున 2 మి.మీ. పక్కకి పోయింది. వంపులు కోయడానికి మాత్రం ఉంచుకున్నాను.

రూటర్‌తో మొదట చేసిన పని బెజ్జాలు. కాలు మందంలో మూడో వంతు బెజ్జం అని పాత లెక్క. 30 మి.మీ. కాలికి 10 మి.మీ. బిట్టు సరిగ్గా సరిపోతుంది. పొట్టును పైకి లాగే స్పైరల్ బిట్టు, పక్కన ఒక ఫెన్స్ (కోత తిన్నగా రావడానికి ఆనించి నడిపే పట్టీ), రెండు వైపులా ఆపే దిమ్మలు. ఒక్కో విడతకు 4 మి.మీ. చొప్పున దించుకుంటూ పోతే ఏడు విడతల్లో 25 మి.మీ. లోతు వస్తుంది. ఉలితో అరగంట పట్టే బెజ్జం రెండు నిమిషాల్లో అయిపోయింది. గోడలు గాజులా ఉన్నాయి. ఆ రోజు ఉలి పెట్టెకి మూత పెట్టేశాను. ఆ మూత వారం కూడా నిలవలేదు.

మూడో కాలి దగ్గర బిట్టు అవతలికి వచ్చేసింది. లోతు పట్టీ చూస్తే 25 దగ్గరే ఉంది, బెజ్జం మాత్రం కాలిని తొలిచేసింది. తప్పు కాలెట్‌లో జరిగింది. కాలెట్ అంటే బిట్టు కాడను బిగించి పట్టుకునే భాగం. బిట్టును అడుగు తగిలేదాకా తోసి బిగించాను. అలా తోస్తే నట్టు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది కానీ పట్టు ఉండదు. పైగా స్పైరల్ బిట్టు స్వభావమే తనను తాను చెక్కలోకి లాక్కోవడం. కోత కోతకీ కొంచెం జారుతూ వచ్చింది. ఇప్పుడు అడుగు తగిలాక ఓ 3 మి.మీ. పైకి లాగి బిగిస్తాను, కాడ మీద పెన్సిల్ గీత పెడతాను. గీత కదిలితే పని ఆపేస్తాను. నెలకోసారి కాలెట్ విప్పి లోపలి పొడి, బంక తుడుస్తాను.

ఇంకో టెన్షన్ దిశతో వచ్చింది. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. అందుకని చెక్క బయటి అంచు వెంబడి మిషన్‌ను దానికి ఎదురుగా నడిపించాలి. ఇది తెలియక అదే దిశలో నడిపితే మిషన్ తాడు తెంచుకున్న దూడలా పరిగెత్తింది. చెయ్యి జారలేదు, చెక్క మాత్రం పాడైంది. ఆ చెక్కను ఇంకా గోడకి తగిలించే ఉంచాను.

బెజ్జం చివరలు గుండ్రంగా వస్తాయి కదా, కూసం మూలలు చదరంగా ఉంటాయి. మొదట్లో ఉలితో బెజ్జం మూలలు చదరం చేసేవాణ్ని. అంటే మిషన్ ఆదా చేసిన టైమంతా అక్కడ పోయేది. తర్వాత విడి కూసాలకి మారాను. రెండు చెక్కల్లోనూ బెజ్జాలే కోసి, మధ్యలో వేరే ముక్కను కూసంగా దింపడం. 10 మి.మీ. మందం పట్టీని ఒకేసారి పొడుగ్గా తయారుచేసి, దాని అంచులను 5 మి.మీ. గుండ్రం బిట్టుతో తిప్పి, కావలసినంత ముక్కలుగా కోసుకుంటాను. రెండు బెజ్జాల లోతు కలిపితే వచ్చేదానికన్నా ముక్క 2 మి.మీ. పొట్టిగా ఉండాలి, పక్కన జిగురు పారడానికి సన్నని గాడి ఒకటి ఉండాలి. లేకపోతే జిగురు లోపల ఇరుక్కుని ఎంత క్లాంపు బిగించినా అతుకు మూసుకోదు. నా రూటర్ చేసే పనుల్లో నిండు మార్కులు దీనికే. ఈ పద్ధతిలో చేసిన ఎనిమిది కుర్చీ అతుకుల్లో నాలుగేళ్లుగా ఒక్క కూసమూ కదల్లేదు.

టేబుల్ సా మీద కూసాలు కోయడం బాగానే ఉంటుంది, కానీ నాకు ఇప్పటికీ కొంచెం భయమే. ముందు భుజాలు (కూసం మొదట్లో అడ్డంగా ఉండే మెట్లు) కోసి, తర్వాత చెక్కను జిగ్‌లో నిలబెట్టి చెంపలు (కూసం వెడల్పు పక్కలు) కోస్తాను. తెగిన ముక్క బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుంటే తుపాకీ గుండులా వెనక్కి వస్తుంది. అందుకే ఫెన్స్ మీద బ్లేడు కన్నా బాగా ఇవతల ఒక దిమ్మ బిగిస్తాను. చెక్క పొడుగు దానికి ఆనించి కొలుచుకున్నాక, కోసేటప్పుడు ఫెన్స్‌కి తగలదు. రివింగ్ నైఫ్ (బ్లేడు వెనక కోత మూసుకోకుండా నిలిచే రేకు) తీసి పనిచేసే అలవాటు నాకు లేదు, దాన్ని తీస్తే తప్ప కుదరని జాయింటు జోలికి వెళ్లను.

ఇక డవ్‌టెయిల్ జిగ్. దీని మీద నా అభిప్రాయం మూడుసార్లు మారింది. మొదటి రోజు మొత్తం తుక్కు చెక్కల మీదే గడిచింది. అతుకు వదులుగా ఉంటే బిట్టును కొంచెం కిందికి దించాలి, మరీ బిగువుగా ఉంటే పైకెత్తాలి. సగం మూసిన డవ్‌టెయిల్‌కి (డ్రాయర్ ముందు నుంచి అతుకు కనిపించని రకానికి) కిటుకంతా ఇదే, కానీ 0.2 మి.మీ. దగ్గర కూడా తేడా తెలుస్తుంది. మిగతా కోతల్లాగా ఇది విడతలుగా కుదరదు, బిట్టు అడుగున వెడల్పుగా ఉంటుంది కాబట్టి నిండు లోతు ఒకేసారి కోయాలి. కోత మధ్యలో మిషన్‌ను పైకెత్తకూడదు కూడా. నేను ఎత్తాను. కార్బైడ్ అంచు విరిగింది, జిగ్ దువ్వెనకి (మిషన్‌కి దారి చూపే పళ్ల పట్టీకి) ఒక గాటు పడింది, ఆ గాటు దగ్గర ఇప్పటికీ మిషన్ చిన్నగా తడబడుతుంది.

సెట్ అయ్యాక మాత్రం డ్రాయర్ తర్వాత డ్రాయర్ అచ్చు గుద్దినట్టు వచ్చేస్తాయి. ఆరు డ్రాయర్లు ఒక సాయంత్రం. అయితే పళ్ల మధ్య దూరం జిగ్‌దే, మనది కాదు. డ్రాయర్ ఎత్తు దానికి కుదిరేలా మార్చుకోవాలి, లేదంటే చివర సగం పన్ను మిగిలి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. సూదిమొనలా సన్నని పిన్నులు (తోకల మధ్య దూరే పళ్లు) కావాలంటే చేతి రంపమే గతి, ఎందుకంటే బిట్టు మెడ పట్టే జాగా తప్పనిసరిగా ఉండాలి. ఒక్క పెట్టె చేయాలంటే జిగ్ జోలికే పోను. దాన్ని సెట్ చేసే నలభై నిమిషాల్లో ఒక మూల చేత్తో కోసేస్తాను.

బాక్స్ జాయింటుకి (చదరపు వేళ్లు ఒకదాని మధ్య ఒకటి దూరే మూల అతుకుకి) మాత్రం నేను సొంతంగా చేసుకున్న జిగ్ చాలు. ప్లైవుడ్ ముక్క, కోసిన గాడిని తగిలించి తర్వాతి కోతకి దూరం చూసుకునే 6 మి.మీ. పిన్ను, అంతే. వేలు గాడి కన్నా 0.1 మి.మీ. లావుగా వచ్చినా పన్నెండు వేళ్లూ కలిసి మొరాయిస్తాయి. పిన్ను జరపడానికి పేకముక్కలు, కాగితాలు అడ్డం పెట్టి సర్దుకుంటాను. ప్రతి కోతకీ ముందు పిన్ను దగ్గర పొట్టు ఊదాలి. ఒకసారి ఊదడం మరిస్తే ఆ తర్వాతి వేళ్లన్నీ పక్కకి జరిగిపోతాయి. కోత వెనక వైపు పేడు లేవకుండా ఒక తుక్కు చెక్క ఆనించాలి. కోసిన ముక్కలను అదే రోజు బిగించేయాలి. ముసురు పట్టిన ఒక వారం వదిలేశాను, చెక్క అడ్డంగా ఉబ్బి, అంతకుముందు చేత్తో దిగిన అతుకు సుత్తి దెబ్బలు అడిగింది.

ఇన్నాళ్లలో గమనించింది ఏంటంటే, మిషన్ కొలత తెలిసిన మనిషి కాదు. ఫెన్స్ అర మిల్లీమీటరు పక్కకి ఉంటే ఆ అర మిల్లీమీటరును ఎనిమిది కాళ్లకీ శ్రద్ధగా పంచుతుంది. అందుకే ఇప్పుడు నా టైమంతా సెట్టింగ్‌లోనే పోతుంది. అసలు చెక్క మందమే ఉన్న తుక్కు ముక్క మీద ముందు కోసి చూస్తాను. కుదిరిన ప్రతి సెట్టింగ్‌కీ ఒక నమూనా ముక్క దాచి, దాని మీదే కొలతలు రాసుకుంటాను. 18 మి.మీ. అని కొన్న ప్లైవుడ్ కాలిపర్‌తో కొలిస్తే చాలాసార్లు అంతకన్నా తక్కువే వస్తుంది కాబట్టి, లేబుల్ చూసి గాడి కోయడం మానేశాను.

చప్పుడు, దుమ్ము గురించి ఒక మాట. చెవులకి మఫ్ లేకుండా రూటర్ ఆన్ చేయను, ఆ గోల ఇంట్లోవాళ్లకి నాకన్నా బాగా తెలుసు. చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. వాక్యూమ్ గొట్టం తగిలించినా బెజ్జాలు కోసేటప్పుడు సగం పొట్టు లోపలే మిగులుతుంది. మాస్కు తప్పదు.

రిపేర్లు పెద్దగా రాలేదు. మూడో ఏడు కార్బన్ బ్రష్‌లు మార్చాను. లోతు లాక్ కొంచెం జారుతోంది, గట్టిగా తిప్పితే నిలుస్తుంది. ఈ మధ్య పై బేరింగులో సన్నని కీచు మొదలైంది. బేరింగ్ మార్చాక మొదట చేసే పని తెలుసు: పెట్టెలోంచి 10 మి.మీ. బెజ్జం నమూనా ముక్క తీసి, పక్కనే కొత్తది ఒకటి కోసి, పాత కూసం అందులో దిగుతుందో లేదో చూడటం.