రిఫరీ డబ్బులకి ట్యాక్స్ ఫైలింగ్: పని బాగానే చేశారు, కాకపోతే రెండోసారికి

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళే నడిపే ఒక ట్యాక్స్ ఆఫీసుకి ఈసారి నా 2025 రిటర్న్ ఇచ్చాను. పేరు రాయట్లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. నాది మామూలు డబ్ల్యూ2 ఉద్యోగం, అంటే కంపెనీ జీతం, శని ఆదివారాలు పిల్లల సాకర్ మ్యాచ్‌లకి రిఫరీగా వెళ్తాను. ఏడాదికి 4,200 డాలర్లు వచ్చాయి. అందులో 2,900కి ఒక లీగ్ 1099-ఎన్ఈసీ (ఉద్యోగి కానివాళ్ళకి ఇచ్చిన డబ్బు చూపించే ఫారం) పంపింది, మిగతావి చిన్న టోర్నమెంట్లవాళ్ళు మ్యాచ్ అవగానే చేతిలో పెట్టినవి. ఒక్కొక్కరిది 600 లోపే కాబట్టి వాటికి ఫారం రాదు, అలాగని చూపించక్కర్లేదనుకుంటే పొరపాటే. ఖర్చులు పోను 400 మిగిలినా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ (సొంత సంపాదన మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌కి కట్టేది) పడుతుంది.

మొదటి డ్రాఫ్ట్ చూడగానే తిక్క రేగింది. మొత్తం తీసుకెళ్ళి 'అదర్ ఇన్‌కమ్'లో పడేశారు, ఖర్చులు సున్నా. ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు "వీకెండ్ హాబీయే కదన్నా" అన్నాడు. టెక్సస్ ఎండలో రోజుకి నాలుగు మ్యాచ్‌లు పరిగెత్తి, పెనాల్టీ ఇవ్వలేదని ఎవరి నాన్నో అరుస్తుంటే పడేది హాబీ ఎలా అవుతుంది తమ్ముడూ?

షెడ్యూల్ సీలో, అంటే సొంత పని ఆదాయం, ఖర్చులు చూపించే ఫారంలో, వేయాలని గట్టిగా అడిగితే అప్పుడు సీనియర్ మేడమ్ లైన్లోకి వచ్చారు. ఇక్కణ్ణుంచి నిజంగా బాగుంది. తేదీ, గ్రౌండ్, మైళ్ళు రాసుకున్న నా డైరీ మొత్తం ఫొటోలు తీయించి, 1,800 మైళ్ళు ఒప్పుకున్నారు, మైలుకి 70 సెంట్ల లెక్కన 1,260. జెర్సీలు, విజిల్, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 340. నల్ల బూట్లు మాత్రం "ఆఫీసుకైనా వేసుకోవచ్చు కదండీ" అని కొట్టేశారు. మిగిలింది 2,600. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ అందులో 92.35 శాతం మీద 15.3 శాతం, అంటే 367 డాలర్లు. ఖర్చులు చూపించకపోతే ఇదే 593 అయ్యేది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తగ్గింది వేరే.

షెడ్యూల్ సీకి ఫీజు అదనంగా 180 గుంజారు, ముందు ఒక్క మాట చెప్పలేదు. అందుకే మూడు స్టార్లు.

అన్నట్టు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇది చదివి విజిల్ కొనేయకండి, స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇలా డబ్బుకి పనిచేయకూడదు. నేను కూడా గ్రీన్‌కార్డ్ వచ్చాకే మొదలెట్టాను.

2026లో ఇచ్చే డబ్బులకి ఆ 600 హద్దు 2,000 అయింది, కాబట్టి ఫారాలు ఇంకా తగ్గుతాయి. డైరీ మాత్రం కార్లోనే ఉంది. వచ్చేసారి వెళ్తే నేరుగా మేడమ్‌నే అడుగుతాను.