ఆర్కిటెక్చర్ డిగ్రీ, పీజీ కలిపి చదివే మార్గంపై కౌన్సెలింగ్: మా అనుభవం

అమెరికాలో ఆర్కిటెక్చర్ డిగ్రీ, పీజీ కలిపి త్వరగా పూర్తిచేసే మార్గం గురించి తెలుసుకోవడానికి, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయితో హిమాయత్‌నగర్‌లోని ఒక విదేశీ విద్యా సలహా కేంద్రానికి మూడుసార్లు వెళ్లాం. మన దగ్గర బీఆర్క్‌కు (ఆర్కిటెక్చర్ డిగ్రీ) 5, ఎంఆర్క్‌కు (ఆర్కిటెక్చర్ పీజీ) 2, మొత్తం 7 సంవత్సరాలు పడుతుంది. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ చివరి ఏడాదిలోనే కొన్ని పీజీ కోర్సులు చదివి, ఆ క్రెడిట్లను రెండు పట్టాలకూ లెక్కించుకుంటే, కొన్ని విశ్వవిద్యాలయాల్లో 5 ఏళ్లకే ఎంఆర్క్ చేతికి వస్తుంది. సలహాదారు సెమిస్టర్ల పట్టికపై పెన్సిల్‌తో గుర్తులు పెడుతూ దీన్ని ఎంతో ఓపికగా వివరించారు. అమ్మాయి గీసిన బన్సీలాల్‌పేట మెట్లబావి సెక్షన్ డ్రాయింగ్ (నిలువుగా కోసినట్టు చూపే చిత్రం) దగ్గర ఆగి, “మెట్ల కొలతలు ఎలా తీసుకున్నావమ్మా?” అని అడిగి, పోర్ట్‌ఫోలియోలో దాన్నే ముందు పెట్టమన్నారు. ఆ శ్రద్ధ మాకు నిజంగా నచ్చింది.

అయితే అసలు సంగతిని మేము గుచ్చి గుచ్చి అడిగేదాకా చెప్పకపోవడం బాధ కలిగించింది. అక్కడి నాలుగేళ్ల బీఎస్ డిగ్రీకి నాబ్ (అక్కడ ఆర్కిటెక్చర్ వృత్తి డిగ్రీలకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉండదు. బీఆర్క్, ఎంఆర్క్, డీఆర్క్ (డాక్టర్ ఆఫ్ ఆర్కిటెక్చర్)లకే ఉంటుంది కాబట్టి, నాలుగో ఏడాది తర్వాత చదువు ఆగితే చేతిలో వృత్తి పట్టా లేనట్టే. తిరిగి వచ్చి ఇక్కడ ఆర్కిటెక్ట్‌గా పనిచేయాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కావాలి. మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) చదివితే ఖర్చెంతో పోల్చి చూపమన్నా వారు చూపలేదు. వెళ్లేవారు డిగ్రీకి గుర్తింపు, ఇక్కడ నమోదు, ఖర్చు పోలిక గురించిన ఈ మూడు ప్రశ్నలూ మొదటి రోజే కాగితంపై రాసుకుని అడగండి.