మార్తా బ్రే మీద వెదురు తెప్ప: అమ్మానాన్నలతో జమైకా

అమెరికాలో ఉండే మనవాళ్లు జమైకా వెళ్తే చాలావరకు మాంటెగో బేలో దిగుతారు. రిసార్ట్‌లో చేతికి బ్యాండ్ కట్టించుకుంటారు, సెలవులయ్యేదాకా ఆ బీచ్‌లోనే ఉండి తిరిగొచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు, సముద్రం నిజంగా అంత బాగుంటుంది. కానీ ఒక్క పూట ఆ గేటు దాటి ఫాల్‌మౌత్ వైపు వెళ్లి, మార్తా బ్రే నది మీద వెదురు తెప్ప ఎక్కమని నేను గట్టిగా చెప్తాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంకా గట్టిగా చెప్తాను.

మేం వెళ్లింది 2025 మార్చిలో. మావారు, మా ఆరేళ్ల బాబు, అమలాపురం నుంచి వచ్చిన అమ్మానాన్న, నేను. ఏ చోటి పేరు చెప్పినా అమ్మ అడిగే మొదటి ప్రశ్న "అక్కడ ఎన్ని మెట్లున్నాయే?" మోకాళ్ల నొప్పులతో ఆవిడకి సగం టూరిస్ట్ స్పాట్లు పనికిరావు. ఓచో రియోస్ దగ్గరి డన్స్ రివర్ జలపాతం జమైకాలో అందరూ చూసేదే. అక్కడ ఒకరి చేయి ఒకరు పట్టుకుని జారే బండల మీదుగా పైకి ఎక్కడమే అసలు సరదా. బాబుకీ మావారికీ భలే నచ్చింది. అమ్మానాన్న పక్కన నిలబడి చూశారు, అంతే. అందుకే మొత్తం ట్రిప్‌లో అందరం కలిసి, అందరం సమానంగా ఆనందించినది ఏదైనా ఉందంటే ఈ తెప్ప ప్రయాణమే.

రాఫ్టింగ్ అంటే మనకి రిషికేశ్ గుర్తొస్తుంది. హెల్మెట్, రబ్బరు పడవ, అరుపులు. ఇక్కడ అవేవీ ఉండవు. దాదాపు 30 అడుగుల పొడవున్న సన్నటి వెదురు తెప్ప, వెనక భాగంలో ఇద్దరు కూర్చునేలా కాస్త ఎత్తుగా మెత్త వేసిన సీటు, ముందు గెడ పట్టుకుని నిలబడే మనిషి. ఆయన్ని అక్కడ కెప్టెన్ అంటారు. సుమారు 3 మైళ్లు ప్రవాహంతో పాటు కిందికి వెళ్తాం. గంట, గంటన్నర పడుతుంది. ఉద్ధృతి లేదు, సుడులు లేవు. చాలాచోట్ల అడుగున ఉన్న రాళ్లు కనపడతాయి. తెప్పకి ఇద్దరు పెద్దవాళ్లే, చిన్నపిల్లలుంటే మధ్యలో కూర్చోబెట్టుకోవచ్చు. మేం రెండు తెప్పలు తీసుకున్నాం, అమ్మానాన్నలకి ఒకటి, మాకొకటి.

బుకింగ్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు తేడా అక్కడే వస్తుంది. నది దగ్గర ధర తెప్పకి చెప్తారు, మనిషికి కాదు. మేం మొదట దిగిన రిసార్ట్‌లో టూర్ డెస్క్ వాళ్లు మాత్రం మనిషికింత అని చెప్పారు. లెక్క వేస్తే మా ఐదుగురికి దాదాపు రెట్టింపు. బస్సు ఖర్చు అందులోనే ఉందన్నారు సరే, కానీ ఆ బస్సు దారిలో రెండు షాపుల దగ్గర ఆగుతుందట, తిరిగి బయల్దేరే టైమూ వాళ్లదేనట. పెద్దవాళ్లని అలా గడియారం చూసుకుంటూ పరుగెత్తించడం నాకు ఇష్టం లేదు. వేరే డ్రైవర్‌ని రోజంతటికీ మాట్లాడుకున్నాం. జమైకాలో లైసెన్స్ ఉన్న టాక్సీలకి ఎర్ర నంబర్ ప్లేట్ ఉంటుంది, అది చూసే ఎక్కండి. ఎక్కేముందే మొత్తం ఎంతో, అది అమెరికన్ డాలర్లలోనా జమైకన్ డాలర్లలోనా స్పష్టంగా మాట్లాడుకోండి. రెండూ చెల్లుతాయి, రెండింటినీ డాలర్ అనే అంటారు, కాబట్టి ఈ ఒక్క ముక్క ముందే తేల్చుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మాంటెగో బే నుంచి ఫాల్‌మౌత్ తూర్పుగా 30 కిలోమీటర్ల దూరం. ఉత్తర తీరం వెంట రోడ్డు చాలా బాగుంది. ఊరు దాటి లోపలికి కొంచెం వెళ్తే రాఫ్టర్స్ విలేజ్ వస్తుంది. టాయిలెట్లు అక్కడ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలో ఎక్కడా సౌకర్యం ఉండదు కాబట్టి పెద్దవాళ్లనీ పిల్లల్నీ అక్కడే పంపించేయండి. ఫాల్‌మౌత్‌లో 2011 నుంచి పెద్ద క్రూయిజ్ షిప్‌ల రేవు ఉంది. షిప్ వచ్చిన రోజు ఈ నది మీద తెప్ప వెనక తెప్ప క్యూ కట్టేస్తాయి. ఏ రోజు షిప్ వస్తుందో ఆన్‌లైన్‌లో ముందే తెలుస్తుంది. మేం షిప్ లేని రోజు చూసుకుని, పొద్దున తెరిచే సమయానికే వెళ్లాం. నది మీద మా రెండు తెప్పలు తప్ప ఇంకేమీ లేవు. నా ఉద్దేశంలో ఈ ప్రయాణం బాగుండడం, బాగోకపోవడం సగం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

తెప్ప ఎక్కడానికి రేవులో నాలుగైదు అడుగులు వేస్తే చాలు. కెప్టెన్ అమ్మ మోచెయ్యి పట్టుకుని, తన పాదం తెప్ప అంచు మీద గట్టిగా ఆనించి అది కదలకుండా ఆపి, ఆవిడ కూర్చున్నాకే కాలు తీశాడు. లైఫ్ జాకెట్లు అడిగి మరీ అందరికీ వేయించాను. వెదురు బొంగుల సందుల్లోంచి నీళ్లు పైకి వస్తూ పోతూ ఉంటాయి, పాదాలు తడుస్తాయి. బూట్లు వద్దు, చెప్పులు చాలు. అమ్మ చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని హాయిగా కూర్చుంది.

నది రంగు మొదట ఆకుపచ్చగా కనిపించింది. ఎండ పడ్డచోట మాత్రం అడుగున తెల్లటి ఇసుక, సున్నపురాళ్లు తేటగా కనపడ్డాయి. ఈ నది కాక్‌పిట్ కంట్రీ అనే సున్నపురాతి కొండల్లో, విండ్సర్ గుహల దగ్గర పుడుతుంది. రెండు ఒడ్డులా వెదురు పొదలు, అరటి, పనసని గుర్తుచేసే బ్రెడ్‌ఫ్రూట్ చెట్లు, పెద్ద పెద్ద మామిడి చెట్లు. ఒక మామిడి చెట్టు చూపించి "ఇది బాంబే" అన్నాడు కెప్టెన్. జమైకాలో నిజంగానే బాంబే, ఈస్ట్ ఇండియన్ అని మామిడి రకాలున్నాయి. 1845 నుంచి 1917 వరకు చెరకు తోటల్లో పనికోసం దాదాపు 36 వేలమంది భారతీయుల్ని ఓడల్లో ఇక్కడికి తెచ్చారు. మేం వెళ్లినప్పటికి కాయలు ఇంకా పిందెలే. నాన్న ఆ కొమ్మలకేసి మెడ తిప్పి చాలాసేపు చూశారు.

ఇక గెడ సంగతి. కెప్టెన్ గెడని నీళ్లలోకి నిలువుగా దింపుతాడు, అడుగు తగలగానే భుజం వంచి దాని మీద బరువు వేస్తాడు. తెప్ప ముందుకి జరుగుతుంటే చేతులు ఒకదాని మీదొకటి మార్చుకుంటూ గెడ చివరిదాకా వస్తాడు, అప్పుడు నీళ్లు కారుతుండగా లాగి మళ్లీ ముందుకి వేస్తాడు. శబ్దమే ఉండదు. నదీ పాయల మధ్య పెరిగిన మా నాన్న చిన్నప్పుడు గెడ వేసినవారే. పది నిమిషాలు ఊరికే గమనించి, "అతన్ని ఒకసారి అడుగమ్మా" అని నాకు కేకేశారు. పక్క తెప్పలోంచే నేను ఇంగ్లీషులో అడిగాను. కెప్టెన్ నవ్వి, ఆయన్ని ముందుకి రమ్మని, తను వెనకే నిలబడ్డాడు. నాన్న రెండు మూడు తోపులు కొంచెం పక్కకి వేసి, తర్వాత తెప్పని తిన్నగా నడిపించారు. డెబ్బై దాటిన మనిషి, తెలియని దేశంలో, తనకి బాగా తెలిసిన పని చేస్తుంటే ఆ ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. ఈ ట్రిప్‌కి పెట్టిన ఖర్చంతా నాకు అక్కడే తీరిపోయింది.

మా తెప్ప కెప్టెన్ దారిలో నది పేరు వెనక ఉన్న కథ చెప్పాడు. మార్తా బ్రే అనే ఆవిడ, జమైకా ఆదివాసులైన తైనో తెగ స్త్రీ, మంత్రాలు తెలిసినావిడట. బంగారం దాచిన చోటు చూపించమని స్పెయిన్ వాళ్లు బలవంతం చేస్తే గుహకి తీసుకెళ్లి, నది దారి మళ్లించి వాళ్లని ముంచేసిందని చెప్పుకుంటారు. మధ్యలో సొరకాయ బుర్రలా గట్టి డొల్ల ఉండే ఒక ఎండిన కాలబాష్ కాయ తీసి, చిన్న కత్తితో దాని మీద పువ్వులూ, బాబు పేరూ చెక్కిచ్చాడు. కొనమని ఒత్తిడి చేయలేదు. మేమే తీసుకున్నాం. ఒడ్డున అక్కడక్కడా చిన్న పాకల్లో కొబ్బరి బోండాలు, బీరు, చెక్క బొమ్మలు అమ్మేవాళ్లుంటారు. వద్దని నవ్వుతూ చెప్తే వదిలేస్తారు. కొబ్బరి బోండాం మాత్రం తాగండి.

సర్వీస్ గురించి నా మాట: ఈ ప్రయాణమంతా ఆ గెడ పట్టుకున్న మనిషి చేతిలో ఉంది, కాబట్టి టిప్ ఆయన చేతికే, నోట్ల రూపంలో ఇవ్వండి. చిల్లర నోట్లు ముందే దగ్గర పెట్టుకోండి. దోమల మందు రాసుకోండి. దిగేచోటికి మా డ్రైవరే కారు తెచ్చాడు.

ఆ తర్వాత ఫాల్‌మౌత్ ఊళ్లో గంటసేపు తిరిగాం. 1769లో కట్టిన ఊరు, జార్జియన్ అనే పాత బ్రిటిష్ శైలి ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. 1799లోనే పైపుల్లో నీళ్లు వచ్చాయని, న్యూయార్క్ కంటే తమ ఊరే ముందని స్థానికులు గర్వంగా చెప్తారు. ఆ నీళ్లు మేం తెప్ప ఎక్కిన మార్తా బ్రేవే. చక్కెర, రమ్ము ఎగుమతితో బలిసిన ఊరిది, ఆ చక్కెర వెనక బానిసల చెమట ఉంది. బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన విలియం నిబ్ పేరున్న బాప్టిస్ట్ చర్చి ఇక్కడే ఉంది. దాన్ని చూడకుండా వెళ్లకండి.

రాత్రికి ఊరి పక్కనే ఉన్న మెరిసే మడుగు చూశాం. మార్తా బ్రే నీళ్లు సముద్రంలో కలిసే చోట ఉండే సూక్ష్మజీవుల వల్ల, నీళ్లు కదిలితే నీలంగా వెలుగుతాయి. వెన్నెల లేని రాత్రి వెళ్లాలి, ఫోన్ కెమెరాలో సరిగ్గా పడదు. అమ్మ పడవలోంచే చెయ్యి ముంచి ఆడింది.

బస గురించి. మొదట ఆ బీచ్ రిసార్ట్, తర్వాత ఫాల్‌మౌత్ దగ్గర ఒక చిన్న గెస్ట్‌హౌస్. పిల్లలతో, తక్కువ రోజులకి వెళ్తే రిసార్టే సుఖం, సందేహం లేదు. కానీ శాకాహారులకి అక్కడి బఫేలో రెండో రోజుకే విసుగొస్తుంది. గెస్ట్‌హౌస్‌లో బీచ్ లేదు, ఏసీ ఒక గదిలోనే ఉంది. అయినా మా అమ్మ అక్కడే తృప్తిగా తిన్నది. వంట చేసే ఆవిడ పొద్దున్నే కాలలూ అనే ఆకుకూర చేసింది. అమ్మ ఆకు చేత్తో పట్టుకుని చూసి "ఇది తోటకూరేగా!" అంది. జమైకా కాలలూ నిజంగా తోటకూర జాతే. మర్నాడు వెల్లుల్లి, ఎండుమిర్చి పోపుతో అమ్మ వండితే ఆవిడ కూడా వడ్డించుకు తింది. దీన్ని మామూలుగా ఉప్పుచేపతో కలిపి వండుతారు, కాబట్టి ముందే చెప్పాలి. రైస్ అండ్ పీస్ అంటే రాజ్మా గింజలు వేసి కొబ్బరి పాలతో వండే అన్నం, మనకి బాగా నచ్చుతుంది. కొన్నిచోట్ల మాంసం ముక్క వేస్తారు, అడగండి. రస్తాఫారీ అనే జమైకా మతస్థులు మాంసం లేకుండా చేసే ఇటాల్ వంటలు దొరికితే ఇంకా నిశ్చింత. స్కాచ్ బానెట్ మిరపకాయని మాత్రం గౌరవించండి.

వేరే నదుల మీద కూడా తెప్పలున్నాయి. గ్రేట్ రివర్ మాంటెగో బేకి దగ్గర, లెథీ అనే ఊరి నుంచి బయల్దేరుతుంది. అక్కడ కాళ్లకి సున్నపురాయి రుద్ది మసాజ్ చేస్తారు. పోర్ట్ ఆంటోనియో దగ్గరి రియో గ్రాండే మీద పూర్వం అరటి గెలలు తెప్పల మీద రేవుకి చేరేవి, హాలీవుడ్ నటుడు ఎరాల్ ఫ్లిన్ వల్ల అది విహారంగా మారింది. ఆ ప్రయాణం రెండున్నర మూడు గంటలు పడుతుంది, అందం ఎక్కువంటారు. కానీ అది ద్వీపానికి తూర్పు చివర, మాంటెగో బే నుంచి రోజులో వెళ్లి రావడం పెద్దవాళ్లకి శ్రమ. అటు వెళ్లాలంటే రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి.

చివరగా ముఖ్యమైన సంగతి. మేం వచ్చిన కొన్ని నెలలకే, 2025 అక్టోబరు 28న, మెలిస్సా తుఫాను కేటగిరీ 5 తీవ్రతతో, గంటకు సుమారు 295 కిలోమీటర్ల గాలులతో జమైకా పశ్చిమ భాగాన్ని తాకింది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలడం కళ్లారా చూసిన నాన్న ఆ వార్త వినగానే ఫోన్ చేసి, ఫాల్‌మౌత్ ఎటువైపుందని అడిగారు. కాబట్టి టికెట్లు కొనేముందు తెప్పలు నడుస్తున్నాయా, బస తెరిచి ఉందా అని నేరుగా ఫోన్ చేసి కనుక్కోండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలు తక్కువ. పెద్ద వాన పడ్డాక నీళ్లు ఎర్రబడి తెప్పలు ఆపేస్తారు, అందుకని ట్రిప్ ఆఖరి రోజుకి దీన్ని వాయిదా వేయకండి. ఎక్కినప్పుడు మాత్రం బేరం ఆడకుండా కెప్టెన్‌కి మంచి టిప్ ఇవ్వండి. తుఫాను తర్వాత ఆ ఊళ్లలో ఇళ్లు మళ్లీ లేవడానికి అలా నేరుగా చేతికందే డబ్బే అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.