సొంతంగా బిగించుకున్న మూడు గేజీలు: నాలుగేళ్లు వాడిన తరువాత

నా కారు 2012 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజిన్ వేడిని అంకెల్లో చూపే ముల్లు దాని డ్యాష్‌బోర్డులో లేదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి కాగితే ఎర్ర దీపం వెలుగుతాయి, అంతే. తిరుపతిలో ఉంటూ నెలకు రెండు మూడు సార్లు తిరుమల కొండ ఎక్కే బండికి, చిత్తూరు, పలమనేరు మీదుగా మొగిలి ఘాట్ దాటి బెంగళూరు వెళ్లివచ్చే బండికి ఈ ఏర్పాటు చాలదని మొదటి వేసవిలోనే నాకు అర్థమైంది. ఎర్ర దీపం వెలిగిన తరువాత చేయగలిగింది బండి ఆపడమొక్కటే; అంతకు ముందే తెలిస్తే ఏసీ కట్టేయవచ్చు, వేగం తగ్గించవచ్చు, నీడన ఆగవచ్చు. అందుకే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి, ఆయిల్ ప్రెషర్, బ్యాటరీ వోల్టేజి చూపే మూడు గేజీలు కొని రెండు ఆదివారాలు కూర్చుని నేనే బిగించుకున్నాను. సెండర్లు (వేడిని, ప్రెషర్‌ను పసిగట్టి గేజ్‌కు చేరవేసే సెన్సర్లు), అడాప్టర్లు, వైర్లతో కలిపి సుమారు 9,000 రూపాయలయింది. అప్పటి నుంచి బండి దాదాపు 58,000 కిలోమీటర్లు తిరిగింది.

మూడూ 52 మిల్లీమీటర్ల గేజీలే. ఎక్కువ కంపెనీలు ఈ కొలతలోనే చేస్తాయి కనుక ఒకటి చెడితే మరో కంపెనీది అదే గూట్లో కూర్చుంటుంది. చాలామంది ముందు అద్దం పక్కనున్న స్తంభానికి వీటిని బిగిస్తారు కానీ నేను ఆ పని చేయలేదు. ఘాట్ రోడ్డులో కుడి మలుపు తిరిగేటప్పుడు ఆ స్తంభం ఎదుటి బండిని ఎలాగూ కొంత కప్పేస్తుంది, దానికి మరో అడ్డు చేర్చడం నాకు ఇష్టం లేదు. పైగా, కొన్ని కార్లలో ఆ స్తంభం లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అలాంటి చోట ఏదీ బిగించకూడదు. నావి డ్యాష్‌బోర్డు మధ్యలో, గాలి వచ్చే జాలీల పైన ఉన్నాయి.

వైరింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పడం తప్పనిసరి. గేజ్ వెనుక నాలుగు వైర్లు ఉంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది, ఒకటి తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది, ఒకటి లోపలి దీపానిది, నాలుగోది ఎర్త్. కంపెనీ వైరును కోసి టేపు చుట్టే బదులు, ఫ్యూజ్ బాక్సులో గుచ్చే ఫ్యూజ్ ట్యాప్ వాడి 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకున్నాను. ఇంజిన్ గదిలో నుంచి లోపలికి వచ్చే వైర్లను ఇనుప రేకు అంచుకు తగలకుండా రబ్బరు గ్రామెట్ గుండా, స్లీవు తొడిగి తెచ్చాను. దీపపు వైరును పార్కింగ్ లైటుకు కలపడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, అది కలపకపోతే రాత్రిపూట గేజీలు పట్టపగటి వెలుతురుతో వెలిగి, వాటి నీడ ముందు అద్దంలో తేలుతుంది. చీకటి మలుపుల్లో అది ఎంత ఇబ్బందో మొదటి వారంలోనే తెలిసింది.

నన్ను నిజంగా కష్టపెట్టింది ఎర్త్. వేడి సెండర్‌ను రేడియేటర్ పై హోసు కోసి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి బిగించాను. ఒకే వైరున్న సెండర్‌కు దాని ఒళ్లే ఎర్త్. అడాప్టర్‌కు రెండు వైపులా రబ్బరే ఉంటుంది కనుక దాని నుంచి ఇంజిన్‌కు విడిగా వైరు లాగాలి. ఆ వైరు లాగాను కానీ, గేజ్ ఎర్త్‌ను మాత్రం తొందరలో డ్యాష్‌బోర్డు కింద దొరికిన ఒక బోల్టుకు తగిలించాను. పగలు అంతా బాగుండేది. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే వేడి ఉన్నపళంగా 6 డిగ్రీలు పెరిగేది, ఆర్పితే దిగేది. గేజే చెడ్డదనుకుని మార్చబోయాను. రేణిగుంట రోడ్డులో ఎన్నో ఏళ్లుగా బండ్ల వైరింగ్ చేస్తున్న ఒక పెద్దాయన ఒక్క నిమిషం చూసి, "మీటరుది ఏం తప్పులేదు సార్, ఎర్తు సరిగా పడలే" అన్నారు. మూడు గేజీల ఎర్త్‌లనూ ఒకటి చేసి ఇంజిన్ బ్లాకు మీద ఒకే బోల్టుకు, కింద పెయింటు గీకి బిగించాక ముల్లు మళ్లీ అలా ఎగరలేదు. దీనికి ఎదురు లోపం ఇంకా ప్రమాదకరం. సెండర్ ఎర్త్ తుప్పుపట్టి నిరోధం పెరిగితే గేజ్ అసలు వేడికన్నా తక్కువ చూపుతుంది, మనం నిశ్చింతగా కొండ ఎక్కుతూనే ఉంటాం. ఈ కారణంగానే ఏడాదికొకసారి ఆ బోల్టు విప్పి శుభ్రం చేస్తున్నాను.

ఆయిల్ ప్రెషర్ విషయంలో నేను చేసిన పొరపాటు ఇంతకన్నా పెద్దది. ఆయిల్ దీపాన్ని వెలిగించే కంపెనీ స్విచ్ ఉన్నచోట ఇత్తడి టీ (T ఆకారపు జాయింటు) పెట్టి, ఒక కొనకు పాత స్విచ్, మరో కొనకు కొత్త సెండర్ బిగించాను. కొనే ముందు థ్రెడ్ కొలత చూసుకోవడం మాత్రం మేలయింది. 1/8 సైజులోనే ఎన్‌పీటీకి (అమెరికన్ పైపు థ్రెడ్) అంగుళానికి 27 చుట్లు, బీఎస్‌పీటీకి (బ్రిటిష్ పైపు థ్రెడ్) 28 చుట్లు ఉంటాయి. ఒకటి మరొకదానిలో రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి తరువాత పట్టేస్తుంది, బలవంతం చేస్తే ఇంజిన్ వైపు మరలే పాడవుతాయి. అయితే సెండర్ బరువు గురించి నేను ఆలోచించలేదు. డీజిల్ ఇంజిన్ అదురుకు ఏడు నెలల్లో ఆ టీ మెడ దగ్గర వెంట్రుకంత పగులు వచ్చి, ఒక ఉదయం బండి కింద అరచేయంత నూనె మరక కనిపించింది. అదే పగులు ఘాట్ మధ్యలో తెగిపోయి ఉంటే ఇంజిన్ మిగిలేది కాదు. తరువాత స్టీలు అల్లికతో వచ్చే చిన్న హోసు వేసి, టీనీ సెండర్‌నూ ఇంజిన్ మీద కాక ఇంజిన్ గది వెనుక గోడకు క్లాంపుతో బిగించి, సెండర్ ఒంటికి వేరే ఎర్త్ ఇచ్చాను. మూడేళ్లకు సెండర్ లోపలి భాగం అరిగి ముల్లు తడబడితే కొత్తది వేశాను. ఆయిల్ దారిని తాకే పని మీద పూర్తి నమ్మకం లేనివారు ఈ ఒక్క గేజ్ వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

వేడి గేజ్ అంకెలను నమ్మవచ్చా అనే సందేహం తీర్చుకోవడానికి బిగించే ముందే సెండర్‌ను మరిగే నీళ్లలో ముంచి చూశాను, 98 చూపింది. మొన్న హోసు విప్పినప్పుడు మళ్లీ చూస్తే 97. నాలుగేళ్లకు ఈ తేడా నాకు సమ్మతమే.

గేజ్ విలువ మన బండి మామూలు అంకె ఏదో తెలిశాకే మొదలవుతుంది. నా బండికి సాదా రోడ్డు మీద 88, ఏప్రిల్ మధ్యాహ్నం తిరుపతి ట్రాఫిక్‌లో 94. తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ రోడ్డులో మలుపులు తక్కువైనా ఎత్తు విడవకుండా సాగుతుంది కనుక ఏసీతో వెళ్తే 99 వరకు పోతుంది. ఏసీ కట్టేస్తే రెండు కిలోమీటర్లలో 95కు దిగుతుంది. దిగేటప్పుడు, 1944 నాటి మొదటి దారిలో గేరు పట్టుమీద నెమ్మదిగా వస్తుంటే 82 దాకా చల్లబడుతుంది. ఒకసారి మొగిలి ఘాట్‌లో 103 కనిపించింది. పక్కకు ఆపి, చల్లారాక చూస్తే రేడియేటర్ ముందు జాలీ నిండా ఎండుగడ్డి, పురుగులు. ఎర్ర దీపం వెలగనే లేదు.

నేను పెద్దగా లెక్కపెట్టక కొన్న వోల్ట్ మీటరే అన్నిటికన్నా మేలు చేసింది. ఇంజిన్ ఆగి ఉంటే 12.5, నడుస్తుంటే 14.1 చూపడం దానికి అలవాటు. చిత్తూరు నుంచి సాయంత్రం తిరిగి వస్తూ పూతలపట్టు దాటాక 12.3 కనిపించింది, అంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఆగిపోయి బండి బ్యాటరీ మీదే నడుస్తోంది. ఏసీ, పాటలు కట్టేసి, చీకటి పడకముందే చంద్రగిరి చేరి మెకానిక్‌కు చూపిస్తే బ్రష్షులు అరిగిపోయాయని తేలింది. డ్యాష్‌బోర్డులోని బ్యాటరీ దీపం అప్పటికి మసకగా మాత్రమే వెలుగుతోంది.

లోపాలూ చెప్పాలి. వేడి సెండర్ థర్మోస్టాట్ (ఇంజిన్ కాగేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వదలని వాల్వు) దాటాక ఉంది కనుక ఆ వాల్వు తెరుచుకునే దాకా అది చూపే అంకెకు అర్థం లేదు. హోసు పగిలి కూలెంట్ మొత్తం కారిపోతే సెండర్ గాలిలో తేలి తక్కువ వేడి చూపుతుంది. ఆ స్థితిలో కంపెనీ ఎర్ర దీపమే దిక్కు, కాబట్టి దానిని ఎవరూ తీసేయవద్దు. నాలుగు కొలతలను ఒకే తెర మీద చూపే ఎల్‌సీడీ గేజ్ ఒకటి మొదట్లో పెట్టి చూశాను, రెండు నెలల ఎండకు తెర నల్లబడింది. ముల్లున్నవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అడాప్టర్ పక్కన క్లిప్పు కింద హోసు రబ్బరు కొంచెం గట్టిపడినట్టు మొన్న గమనించాను. మార్చి నెల రాకముందే హోసూ క్లిప్పులూ మార్చి, 102 దగ్గర మోగే బజర్ ఒకటి వేడి గేజ్‌కు కలపబోతున్నాను.