బాబిలోన్, ఉర్, ఉరుక్: ఇటుక చూసి పాత కొత్త తేల్చుకోండి

హైదరాబాద్ నుంచి జియారత్‌కి (పుణ్యస్థలాల దర్శనానికి) ఇరాక్‌లోని నజఫ్, కర్బలా వెళ్లేవాళ్లలో చాలామంది ప్రాచీన నగరం బాబిలోన్ చూడకుండానే తిరిగొస్తారు. కర్బలా నుంచి హిల్లా సుమారు గంట ప్రయాణం. బాబిలోన్ ఆ ఊరి పొలిమేరలోనే ఉంది. బసకి కర్బలాయే మేలు, యాత్రికుల ఊరు కాబట్టి అన్ని ధరల్లో గదులుంటాయి. అర్బయీన్ (ఇమాం హుస్సేన్ నలభయ్యో రోజు సంతాపం) రోజుల్లో మాత్రం గది దొరకదు, రోడ్లన్నీ కాలినడక జనమే. ఆ తేదీ ఏటా దాదాపు 11 రోజులు ముందుకొస్తుంది, టికెట్ కొనేముందే చూసుకోవాలి. ఉత్తర ఇరాక్‌లోని కుర్దిస్తాన్ ప్రాంతం ఇచ్చే వీసాతో ఇటువైపు రానివ్వరు.

బాబిలోన్‌లో ఎదురయ్యే నీలం ఇష్తార్ ద్వారం నకలు. అసలుది బెర్లిన్‌లో ఉంది. నకలు ముందు ఫొటో దిగి, 1980ల్లో సద్దాం హుస్సేన్ లేపించిన గోడల మధ్య ఓ చుట్టు చుట్టి "ఇంతేనా?" అనేవాళ్లే ఎక్కువ. అసలు సరుకు ఊరేగింపు వీధి పక్కన, పల్లంలో ఉంది. ఇష్తార్ ద్వారం కింది గోడలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మెరుగు పూయని ఇటుకల్లోంచి ఎద్దులు, పాముతల డ్రాగన్లు ఉబ్బెత్తుగా పైకి తేలి కనిపిస్తాయి. ఇటుకల మధ్య నల్లగా తారు ఉంటే పాతపని. ముద్రలో మేకుల్లాంటి గీతలుంటే బాబిలోన్ రాజు నెబుకద్నెజార్ ఇటుక, అరబ్బీ అక్షరాలుంటే సద్దాంది. గోడల అడుగున తెల్లటి ఉప్పు పొర చూడండి. భూమిలోని నీరు పైకి పాకి, ఆరి, ఆ ఉప్పే ఇటుకని పొడి చేస్తోంది.

ఉర్ అనే మరో ప్రాచీన నగరానికి నసిరియాలో దిగాలి. హోటళ్లు ఓ మోస్తరు, ఒక్క రాత్రికి చాలు. టాక్సీని అక్కడే ఆపుకుని, రానూపోనూ కలిపి ముందే బేరం తేల్చుకోండి, తిరుగుబండి దొరకదు. క్రీ.పూ. 2100 ప్రాంతంలో రాజు ఉర్‌నమ్ము కట్టించిన జిగ్గురాత్ (అంతస్తుల గుడి దిబ్బ) అడుగు సుమారు 64×45 మీటర్లు. లోపల పచ్చి ఇటుక, పైన తారు పెట్టి పేర్చిన కాల్చిన ఇటుక. గోడలో వరసగా కనిపించే చిన్న బెజ్జాలు లోపలి తడి బయటికి పోవడానికి పెట్టినవి. మెట్లు, కింది అంతస్తు ముఖం చాలావరకు కొత్తవే. ఉర్‌నమ్ము కొడుకు షుల్గి సమాధుల్లోని మెట్లమెట్లుగా లోపలికి జరిపిన కమానులు మానకండి, జనం అటు పోరు.

సమావాకి తూర్పున 30 కిలోమీటర్ల దూరంలో ఉరుక్. మొట్టమొదటి రాత పుట్టిన ఊరు, కానీ కంటికి మట్టిదిబ్బలే. అందుకే ముందు బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియంలో ఈ ఉరుక్‌లోనే దొరికిన చెక్కడపు రాతి పాత్ర, వార్కా పాత్ర చూసి రావాలి. నీడ లేదు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి. వాన పడ్డ మర్నాడు వద్దు, బంకమన్ను చెప్పుల్ని వదలదు. నవంబరు నుంచి మార్చి లోపే వెళ్లాలి.

కాళ్ల కింద పెంకులే పెంకులు. ఒక్కటీ జేబులో వేయకండి: 2022లో ఉర్ దగ్గరి ప్రాచీన నగరం ఎరిదులో కొన్ని ముక్కలు ఏరుకున్న విదేశీయుడికి 15 ఏళ్ల జైలుశిక్ష పడింది, పైకోర్టు కొట్టేసింది కాబట్టి బయటపడ్డాడు.