కథల బొమ్మల సెట్ కొనే ముందు వాటి కళ్లు గట్టిగా లాగి చూడండి

హనుమకొండ, కాజీపేట, వరంగల్ వైపు ఏడాది రెండేళ్ల పిల్లలున్న అమ్మలు, ప్లే స్కూల్ టీచర్లు ఇది ఒకసారి పూర్తిగా చదవండి. బొమ్మల పుస్తకం, అందులోని జంతువులకు సరిపోయే, లోపల చేయి పెట్టి ఆడించే చేతి బొమ్మలు కలిపి సెట్‌గా అమ్ముతున్నారు కదా, అలాంటిదే ఇక్కడి ఒక షాపులో మా పాప కోసం తీసుకున్నాం. పుస్తకం బాగానే ఉంది. బొమ్మలతోనే ప్రమాదం.

కథ సగం కాకముందే కప్ప కన్ను ఊడి పాప చేతిలోకి వచ్చింది, చేతిలోంచి నోటి దగ్గరికి. మా అత్తమ్మ పక్కనే కూర్చుని ఉంది కాబట్టి పెదవుల దగ్గరే పట్టేసుకుంది. తర్వాత మిగతావన్నీ లాగి చూస్తే కుందేలు ముక్కు, కోతి కన్ను కూడా వచ్చేశాయి, ఒక్కదానికీ కుట్టు లేదు, అన్నీ గ్లూతో అతికించినవే. తడి గుడ్డతో తుడిస్తే ఎర్ర రంగు గుడ్డకు అంటింది.

షాపతను ఏమన్నాడంటే, ఆడేటప్పుడు పెద్దవాళ్లే చూసుకోవాలి మేడం అని. అసలు ఈ వయసు పిల్లలకు బొమ్మ పెట్టి కథ చెప్పేదే వాళ్లు దాన్ని పట్టుకోవాలని, ముద్దు పెట్టుకోవాలని, కప్ప నోట్లో వేలు పెట్టి నవ్వాలని. పట్టుకున్నది నోట్లోకి పోతుంది, ఆ వయసే అది. మన ఒక చేయి బొమ్మలో ఉంటుంది, ఇంకో చేత్తో పేజీ తిప్పుతుంటాం, ఊడిన కన్నును ఎప్పుడు పట్టుకుంటాం?

ఇంటికొచ్చి ధర స్టిక్కర్ పీకి చూస్తే దాని కింద 0-3 అని రాసి అడ్డగీత కొట్టిన గుర్తు ఉంది, అంటే మూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని. పైన స్టిక్కర్ మీద మాత్రం ఏడాది పిల్లల నుంచి అని వేశారు! నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. తయారుచేసినవాళ్ల పేరు, అడ్రస్ ఎక్కడా లేవు.

ఐఎస్ఐ మార్కు ఏదని అడిగితే చేతితో చేసినవి, అవసరం లేదన్నాడు. నమ్మకండి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మినహాయింపు ఉన్నది కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల కమిషనర్ దగ్గర రిజిస్టర్ అయిన కళాకారులకు, నిర్మల్ బొమ్మల్లాంటి జీఐ (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నవాటికి. పేరే లేని ఫ్యాక్టరీ సరుకుకు కాదు.

కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కుతో పాటు ఉండే సీఎం/ఎల్ (లైసెన్సు) నంబర్‌ను, ఆ మార్కు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, నకిలీదైతే అక్కడే తేలిపోతుంది. కళ్లు, ముక్కు దారంతో కుట్టినవే తీసుకోండి. షాపులోనే చేయి పెట్టి చూడండి, మా ఏనుగు నోరు ఎంత గట్టి అట్టతో చేశారంటే తెరవడానికే రెండు చేతులు కావాలి, ఇంక పుస్తకం ఎవరు పట్టుకోవాలి?

డబ్బులు వాపస్ ఇవ్వనన్నాడు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి సెట్ ఇంట్లో ఉంటే ఈ రోజే పిల్లల చేతికి అందకుండా తీసేయండి, బిల్లు, డబ్బా మాత్రం పారేయకండి, ఫిర్యాదుకు అవే అడుగుతారు.